కదలని పాదరసం: మంచు, నీరు, ఆవిరుల లెక్కలు

ఒక గిన్నెలో మంచుముక్కలు వేసి, సన్నని సెగ మీద పెట్టి, థర్మామీటరు ముంచి కలియబెడుతూ ఉండండి. చివరి మంచుముక్క కరిగేదాకా పాదరసం సున్నా దగ్గరే కూర్చుంటుంది. కింద మంట మండుతూనే ఉంది, వేడి గిన్నెలోకి పోతూనే ఉంది. మరి ఆ వేడి ఏ పద్దులోకి వెళ్ళినట్టు?

నేను బి.కాం. చదివినవాణ్ణి. రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సొమ్ము ఖర్చయిందని తెలుసు, కానీ ఏ పద్దు కింద చూపాలో తెలియదు అన్నప్పుడు మేము దాన్ని సస్పెన్సు ఖాతాలో వేసేవాళ్ళం. తర్వాత దాని సంగతి తేలేవరకూ ఏడాదికోసారి ఎవరో ఒకరు దాని గురించి ఉత్తరం రాస్తూనే ఉంటారు. ప్రకృతి కూడా ఇలాంటి ఖాతా ఒకటి నడుపుతోందని రిటైరయ్యాక చదువుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు దీని గురించి రాయడానికి ఒక కారణం ఉంది. ఆమధ్య మా సంఘం సమావేశానికి ఒక పెద్దాయన వచ్చారు. పదార్థం ఘన, ద్రవ, వాయు రూపాల్లో ఉండటం, ఒకదాని నుంచి ఒకదానికి మారటం, వీటన్నిటినీ మన వైశేషికులు ఏనాడో చెప్పేశారని, పృథివి అంటే ఘనమనీ, అప్పు అంటే ద్రవమనీ, వాయువు అంటే గ్యాసేననీ, పాశ్చాత్యులు దానికి గ్రాఫు గీసి తమ పేరు పెట్టుకున్నారనీ వాదించారు. మా కుర్రవాళ్ళు కొందరు నవ్వేశారు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. ఆడిటరు దగ్గరికి ఎవరైనా క్లెయిము తెస్తే నవ్వకూడదు, ఓచరు చూపించమనాలి. ఓచరు ఉంటే ఉన్నంత మేరకు పాస్ చెయ్యాలి. ఆ పని చివర్లో చేద్దాం. ముందు అసలు ఏ సరుకు గురించి మాట్లాడుతున్నామో తెలియాలి కదా.

సస్పెన్సు ఖాతాను మొదట తెరిచి, అందులో ఎంత ఉందో తేల్చినవాడు స్కాట్లండు రసాయనవేత్త జోసెఫ్ బ్లాక్. ఆయనకు ముందు చాలామంది ఇలా అనుకునేవారు: మంచును కరిగే స్థానందాకా తెస్తే చాలు, ఆపైన ఇంకొంచెం వేడి తగిలితే మొత్తం నీరైపోతుంది. బ్లాక్ అడిగింది చాలా మామూలు ప్రశ్న. అదే నిజమైతే, ఎండ కాసిన మొదటి రోజే కొండల మీది మంచంతా ఒక్కసారిగా కరిగి, ఊళ్ళన్నీ కొట్టుకుపోవాలి కదా? అలా జరగటం లేదే. మంచు వారాల తరబడి, నెలల తరబడి మెల్లగా కరుగుతోంది.

1761 శీతకాలంలో గ్లాస్గోలో ఆయన చేసిన ప్రయోగం చూడండి. ఒకేలాంటి రెండు గాజు బుడ్లు. ఒకదానిలో 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరున్న మంచు, రెండోదానిలో అంతే బరువు నీరు, 33 డిగ్రీల దగ్గర. రెండిటినీ 47 డిగ్రీలున్న పెద్ద గదిలో వేలాడదీశాడు. నీరు అరగంటలో 40 డిగ్రీలకు వచ్చింది. అంటే 7 డిగ్రీలు ఎక్కింది. మంచు కరిగి, ఆ నీరు 40 డిగ్రీలకు రావడానికి పదిన్నర గంటలు పట్టింది. అంటే 21 అరగంటలు. గది ఒకటే, బుడ్లు ఒకేలాంటివి, కనక అరగంటకు వచ్చే జమ దాదాపు ఒకటే అనుకోవచ్చు. 21ని 7తో గుణిస్తే 147 డిగ్రీల జమ. థర్మామీటరు మీద కనబడింది 32 నుంచి 40 దాకా, అంటే 8. మిగిలిన 139 డిగ్రీలు ఏమైనట్టు?

మంచును నీరుగా మార్చడానికే ఖర్చయ్యాయి. ఆయన దానికి దాగిన వేడి అని పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో గుప్తోష్ణం అంటాం. ఈనాటి లెక్క ప్రకారం అది 144 ఫారెన్‌హీట్ డిగ్రీలు, మనకు అలవాటైన కొలతలో గ్రాముకు 80 కేలరీలు. రెండు గాజు బుడ్లు, ఒక గడియారం, ఒక థర్మామీటరుతో 1761లో 139 దాకా వచ్చాడంటే మూడున్నర శాతం తేడా! మా రోజుల్లో ఇంత తక్కువ తేడాతో వచ్చిన స్టాకు లెక్కలను మేము కళ్ళకద్దుకునేవాళ్ళం.

ఆవిరి సంగతి ఇంకా పెద్దది. గ్రాము నీటిని సున్నా నుంచి వంద దాకా వేడి చెయ్యడానికి 100 కేలరీలు చాలు. వంద దగ్గరున్న నీటిని వంద దగ్గరే ఉన్న ఆవిరిగా మార్చడానికి 540 కావాలి. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు తగిలే ఆవిరి, మరిగే నీటి కన్నా ఎక్కువ కాలుస్తుందని మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకు తెలుసు. చర్మం మీద ఆవిరి నీరైనప్పుడు ఆ 540 అక్కడే కక్కేస్తుంది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే పరికరాలు బాగుచేసే పనిలో ఉన్న జేమ్స్ వాట్, కాసింత ఆవిరి అంత చన్నీటిని ఎలా మరిగించేస్తోందా అని ఆశ్చర్యపోయి బ్లాక్‌ను అడిగితే, ఆయన ఈ సంగతి వివరించాడు.

ఇక్కడ ఒక్క మాట. వేడి అనేది ఒక రకమైన ద్రవ్యమని, అది పదార్థంలోకి కారి పోయి దాక్కుంటుందని ఆ కాలంలో అనుకునేవారు. బ్లాక్ ఆలోచనా దాదాపు ఆ దారిలోనే నడిచింది. ఆ సిద్ధాంతం తర్వాత వంద సంవత్సరాలలోపే పోయింది. 139 మాత్రం పోలేదు. ఇప్పటి వివరణ వేరు: మంచులో అణువులు ఒక వరసలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు విడిపించడానికయ్యే ఖర్చు అది. వివరణ మారినా కొలత నిలబడింది.

ఈ 80 కేలరీల పుణ్యమా అని మన దేశానికి అమెరికా నుంచి మంచు వచ్చింది. కథ కాదు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో చెరువులు గడ్డకట్టినప్పుడు మంచు దిమ్మలు కోయించి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో అమ్మకానికి పంపేవాడు. 1833 మేలో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్‌లో బయల్దేరి, నాలుగు నెలలు ప్రయాణించి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, సెప్టెంబరులో కలకత్తా చేరింది. సుమారు 100 టన్నులు మిగిలింది. తరుగు 80 టన్నులు.

ఈ తరుగును నేనొకసారి లెక్క కట్టి చూశాను. 80 టన్నుల మంచును కరిగించడానికయ్యే వేడి 64 లక్షల కిలో కేలరీలు. అదే వేడి 180 టన్నుల చన్నీటిలోకి పోయి ఉంటే ఆ నీరంతా సున్నా నుంచి 35 డిగ్రీలు దాటేది. అంటే మంచు తీసుకొచ్చిన చోటికి చన్నీళ్ళు పంపి ఉంటే కలకత్తాలో గోరువెచ్చని నీళ్ళు దిగేవి. గుప్తోష్ణమే లేకపోతే ఆ వ్యాపారమే లేదు.

మద్రాసులో ఆ మంచును దాచడానికి 1842లో సముద్రపు ఒడ్డున గుండ్రని గోడలతో ఒక కట్టడం కట్టారు. యంత్రాలతో మంచు తయారుచెయ్యడం వచ్చాక ఆ వ్యాపారం మూతపడింది, భవనం చేతులు మారింది. 1897లో వివేకానందుడు తొమ్మిది రోజులు అందులో బస చేశాడు, ఇప్పుడది ఆయన పేరు మీదే ఉంది. అయినా మద్రాసు తెలుగువాళ్ళకు ఆ పేట ఈనాటికీ ఐస్‌హౌసే. ఆ దారిన రోజూ పోయేవాళ్ళలో ఆ ఐస్ ఎక్కడిదని అడిగినవాళ్ళు ఎందరో నాకు తెలియదు.

అంతకు ముందే మనవాళ్ళు సొంతంగా మంచు చేసేవారు. 1775లో సర్ రాబర్ట్ బార్కర్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అలహాబాదు పద్ధతిని వర్ణించాడు. నేలలో రెండడుగుల లోతు గుంటలు తవ్వి, ఎండిన చెరుకు దంట్లు, జొన్న దంట్ల లాంటివి పరిచి, వాటి మీద లోతు లేని పలచటి మట్టి మూకుళ్ళు వరసగా పేర్చి, కాచి చల్లార్చిన నీళ్ళు పొద్దుగూకేవేళ పోసేవారు. తెల్లవారుజామున గడ్డకట్టిన మంచు ఏరుకునేవారు. గాలి వీచని, మబ్బులేని రాత్రే పని జరుగుతుంది. మట్టి మూకుడు చెమ్మగిల్లి, ఆ తడి ఆరిపోవడం వల్లే గడ్డ కడుతోందని చాలామంది అనుకున్నారు. కూజాలో నీళ్ళు చల్లబడతాయి కదా, అలాగన్నమాట. 1814లో వెల్స్ అనే వైద్యుడు మంచుబిందువుల మీద రాసిన వ్యాసంలో దీన్ని పరిశీలించి, ప్రధాన కారణం వేరని చెప్పాడు: ఆరిపోవడమే కారణమైతే గాలి వీస్తే ఇంకా బాగా జరగాలి కదా? నిశ్చలమైన రాత్రే ఎందుకు కావాలి? నీరు తన వేడిని ఆకాశంలోకి ప్రసరింపజేసి చల్లబడుతోంది, గాలి వీస్తే ఆ నష్టాన్ని పూడ్చేస్తుంది. ఆ మంచు చేసిన కూలీలకు వెల్స్ అవసరం లేదు, ఏ రాత్రి పని జరుగుతుందో వాళ్ళకు తెలుసు. ఎందుకు జరుగుతుందో చెప్పడానికి మాత్రం వెల్స్ కావలసివచ్చాడు.

ఇప్పటిదాకా చెప్పింది ఒక కొలబద్ద మీద నడిచిన కథ, ఉష్ణోగ్రత. రెండో కొలబద్ద పీడనం. అది కలిశాకే పటం తయారైంది.

నీరు మరిగే స్థానం గాలి ఒత్తిడిని బట్టి మారుతుందని 1724 నాటికే ఫారెన్‌హీట్ గమనించాడు. ఉద్యోగంలో ఉండగా నేను ఆడిట్ పని మీద లేహ్ వెళ్ళాను. అక్కడ ఎత్తు 3,500 మీటర్లు, నీరు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. లంగర్‌లో పప్పు గంటల తరబడి తెర్లుతూనే ఉంటుంది, ఉడకదు. మంట పెంచితే లాభం లేదు, నీరు తొందరగా ఇంకుతుంది తప్ప 88 దాటదు. ప్రెషర్ కుక్కర్ మూత పెడితే, లోపల ఒత్తిడి పెరిగి, మరిగే స్థానం పైకి జరుగుతుంది. మన ఇళ్ళల్లో కుక్కర్ విజిల్ వేసేవేళకు లోపల సుమారు 120 డిగ్రీలు. అక్కడి యూనిట్లకు కుక్కర్లు ఎందుకని మైదాన ప్రాంతంలో కూర్చున్నవాడెవడైనా అభ్యంతరం రాస్తే, ఈ పటం ఒక్కటి జవాబుగా జతపరిస్తే సరిపోతుంది.

పటం అంటున్నాను కదా, కాగితం తీసుకోండి. కింద అడ్డగీత ఉష్ణోగ్రత, ఎడమ నుంచి కుడికి పెరుగుతుంది. పక్కన నిలువుగీత పీడనం, కింది నుంచి పైకి. కాగితం మీద ప్రతి చుక్కకూ ఒక ఉష్ణోగ్రత, ఒక పీడనం ఉంటాయి. ఆ పరిస్థితిలో నీరు ఏ రూపంలో స్థిమితంగా ఉంటుందో ఆ రంగు వెయ్యండి. ఎడమ పక్క పైన మంచు, మధ్యలో పైన నీరు, కింద కుడిపక్కంతా ఆవిరి. మూడు జిల్లాలు, వాటి మధ్య మూడు సరిహద్దు గీతలు. మంచుకూ నీటికీ మధ్య గీత కరిగేది, నీటికీ ఆవిరికీ మధ్య గీత మరిగేది, మంచుకూ ఆవిరికీ మధ్య గీత ఉత్పతనం, అంటే నీరు కాకుండానే ఆవిరవడం. దీనినే ప్రావస్థా పటం అంటారు.

మామూలు వాతావరణ పీడనం దగ్గర ఒక అడ్డగీత గీసి, దాని వెంట ఎడమ నుంచి కుడికి నడవండి. 0 దగ్గర మొదటి సరిహద్దు, 100 దగ్గర రెండోది. ప్రతి సరిహద్దు దగ్గరా ఆగి సుంకం కట్టాలి. మొదటి దగ్గర గ్రాముకు 80, రెండో దగ్గర 540. సుంకం ఎంతో పటం మీద రాసి ఉండదు. పటంలో ఇది ఒక లోపం అనుకోవచ్చు, కానీ గీత ఎంత వాలుగా ఉందో చూసి, రెండు రూపాల ఘనపరిమాణాల తేడా తెలిస్తే, ఆ సుంకాన్ని లెక్కగట్టవచ్చు. క్లపేరాన్ 1834లోనూ క్లాసియస్ 1850లోనూ చెప్పిన సూత్రం అదే.

మూడు గీతలూ ఒక చోట కలుస్తాయి. అది త్రిక బిందువు: 0.01 డిగ్రీ, వాతావరణ పీడనంలో 165వ వంతు కన్నా కొంచెం తక్కువ. అక్కడ మంచు, నీరు, ఆవిరి మూడూ ఒకే పాత్రలో ఒకదాన్నొకటి మింగకుండా ఉంటాయి. ఎక్కడైనా సరే, ఎవరు చేసినా సరే, స్వచ్ఛమైన నీటికి అదే చుక్క. అందుకే 1954 నుంచి 2019 దాకా ఉష్ణోగ్రత కొలమానానికి ఆ చుక్కనే ఆధారంగా పెట్టుకున్నారు. ఆ ఒత్తిడికి కిందకి పోతే ద్రవరూపంలో నీరు నిలవదు. ఇన్‌స్టంట్ కాఫీ పొడి తయారీలో ఒక పద్ధతి దీని మీదే ఆధారపడింది: కాఫీ డికాక్షన్‌ను గడ్డకట్టించి, గాలి తోడేసి, మంచును తిన్నగా ఆవిరిగా పంపేస్తారు. వాసన చాలామటుకు మిగులుతుంది. (ఫిల్టరు కాఫీ తాగేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు, నాకు తెలుసు.)

ఇక్కడ ఎవరైనా ఒక అభ్యంతరం లేవదీయాలి. పటం ప్రకారం 30 డిగ్రీల దగ్గర, వాతావరణ పీడనంలో నీరు ద్రవంగా ఉండాలి. మరి దండెం మీద బట్టలెలా ఆరుతున్నాయి? మంచి ప్రశ్న, చాలా పుస్తకాలు దీన్ని దాటవేస్తాయి. పటం, నీరు ఒక్కటే ఉన్న మూసిన పాత్రకు సంబంధించింది. ఆరుబయట గాలిలో నీటి ఆవిరి వాటా ఎంతో అదే ఇక్కడ లెక్కలోకి వచ్చే పీడనం. 30 డిగ్రీల దగ్గర సరిహద్దు 32 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంది. గాలిలో నీటి ఆవిరి వాటా అంతకన్నా తక్కువగా ఉన్నంతసేపూ బట్టలు ఆరుతూనే ఉంటాయి. ముసురు రోజుల్లో ఆ వాటా 32కు దగ్గరపడుతుంది, బట్టలు ముక్కవాసన వేస్తాయి.

రెండో అభ్యంతరం కూడా వెయ్యవచ్చు. పటం చెప్పేది ఏ రూపం స్థిమితమో అంతవరకే, ఎంతసేపట్లో ఆ రూపానికి వస్తుందో చెప్పదు. కదపకుండా ఉంచిన శుభ్రమైన నీరు సున్నాకు దిగువన కూడా గడ్డకట్టకుండా ఉండటం ఫారెన్‌హీటే 1721లో చూశాడు. అంతకన్నా పెద్ద ఉదాహరణ మన కృష్ణ ఒడ్డునే దొరికింది. కర్బనం పటం తీసి చూస్తే, మనం బతికే పరిస్థితుల్లో స్థిమితమైన రూపం గ్రాఫైటు, అంటే పెన్సిలులోది. వజ్రం స్థిమితంగా ఉండాలంటే వేల వాతావరణాల ఒత్తిడి కావాలి. భూమిలో నూట యాభై కిలోమీటర్ల లోతున తయారై, అగ్నిశిలలతో పైకి తన్నుకొచ్చి, తిరిగి గ్రాఫైటుగా మారే ఓపిక లేక అలాగే ఉండిపోయిన రాళ్ళను కొల్లూరు గనుల్లో తవ్వితీశారు. వాటి కోసం రాజ్యాలు కొట్టుకున్నాయి. పటం ప్రకారం అవి తప్పు జిల్లాలో ఉన్న సరుకు.

ఇక మరిగే గీత సంగతి. అది పైకి పోతూ పోతూ ఒక చోట ఆగిపోతుంది. సరిహద్దు గీత ఆగిపోవడమేమిటి? 1822లో ఫ్రాన్సులో కన్యార్ ద లా టూర్, తుపాకీ గొట్టంలో ద్రవంతో పాటు ఒక రాతిగుండు పెట్టి, మూసి, వేడి చేస్తూ దొర్లించి, ఆ చప్పుడు విన్నాడు. ఒక వేడిమి దాటాక ద్రవంలో దొర్లే చప్పుడు పోయింది. తర్వాత గాజు గొట్టాల్లో కళ్ళారా చూశాడు: ద్రవానికీ ఆవిరికీ మధ్య ఉండే మట్టం మాయమైపోయింది. మరుసటి ఏడే ఫారడే క్లోరిను వాయువును ద్రవంగా మార్చాడు. 1835లో తీలోరియే ద్రవ బొగ్గుపులుసు వాయువును సీసాలోంచి వదిలితే తెల్లటి మంచులా రాలింది. మనం డ్రై ఐస్ అంటున్నది అదే. దాని త్రిక బిందువు అయిదు వాతావరణాల పైన ఉంది కనక, మన గాలిలో అది కరగదు, తిన్నగా వాయువైపోతుంది. నాటకాల్లో స్వర్గలోకం చూపించడానికి వదిలే పొగ అంతా దానిదే అనుకుంటారు గానీ, బొగ్గుపులుసు వాయువు కంటికి కనబడదు. ఆ చలికి గాలిలోని తేమ చుక్కలై అలా కనబడుతుంది. ఆ ప్రయోగాలు ఆషామాషీవి కావు. తీలోరియే యంత్రం లాంటిది పేలి, 1840 చివర పారిస్‌లో ఎర్వీ అనే సహాయకుడు ఘోరంగా గాయపడి ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఆ మాయమయ్యే మట్టాన్ని పక్కాగా కొలిచినవాడు బెల్‌ఫాస్టులో థామస్ ఆండ్రూస్. 1869లో బొగ్గుపులుసు వాయువుకు 30.92 డిగ్రీలు అని చెప్పాడు. ఈనాటి విలువ 31. దానికి పైన ఎంత నొక్కినా ద్రవంగా విడిపోదు. దీన్నే సందిగ్ధ ఉష్ణోగ్రత అంటాం. ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్‌లను వేల వాతావరణాల ఒత్తిడితో నొక్కినవాళ్ళు ఎందుకు ఓడిపోయారో అప్పుడు తెలిసింది: నొక్కడం చాలక కాదు, చల్లార్చడం చాలక. 1877లో ఆక్సిజన్, 1898లో హైడ్రోజన్, 1908లో హీలియం వరసగా లొంగాయి.

ఈ 31 డిగ్రీలతో నాకు వృత్తిరీత్యా పరిచయం ఉంది. ఒక డిపోలో స్టాకు తనిఖీ చేస్తుండగా అగ్నిమాపక సిలిండర్లు వచ్చాయి, బొగ్గుపులుసు వాయువువి. మాతో వచ్చిన కొత్త కుర్రాడు, “వీటికి ప్రెషర్ మీటర్లే లేవు, నిండుగా ఉన్నట్టు ఎలా రాయమంటారు సార్?” అన్నాడు. అక్కడి హవల్దారు ఏమీ మాట్లాడకుండా కాటా లాక్కొచ్చి ఒక్కొక్కటీ తూచాడు. ఖాళీ బరువు సిలిండరు మెడ మీద చెక్కి ఉంటుంది, తీసివేత చేస్తే లోపల సరుకు ఎంతో వస్తుంది. మీటరు పెట్టినా ఎందుకు పనికిరాదో పటం చెబుతుంది. లోపల ద్రవం, ఆవిరి రెండూ ఉన్నాయంటే మనం సరిహద్దు గీత మీద ఉన్నాం. గీత మీద ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ఎంతో చెబితే పీడనం దానంతటదే ఖాయమైపోతుంది. ముప్పావు నిండుగా ఉన్నా పావు నిండుగా ఉన్నా ముల్లు ఒకే చోట నిలబడుతుంది. మన వంటగ్యాసు సిలిండరూ ఇంతే, అందుకే తూకమే దిక్కు. ఇంకో తమాషా ఏమిటంటే, మన వైపు మే నెలలో గిడ్డంగి వేడి 31 దాటిందంటే ఆ అగ్నిమాపక సిలిండర్లలో ద్రవమూ ఉండదు, ఆవిరీ ఉండదు. రెండూ కాని ఒక దట్టమైన పదార్థం ఉంటుంది. తూకం మాత్రం మారదు.

పటంలో నీటిది ఒక విచిత్రం ఉంది. చాలా పదార్థాలకు కరిగే గీత పైకి పోతూ కుడికి వాలుతుంది, నొక్కితే గట్టిపడతాయి. నీటిది ఎడమకు వాలుతుంది. మంచు నీటికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనక, నొక్కితే కరుగుతుంది. 1849లో జేమ్స్ థామ్సన్ ఇది లెక్కగట్టి చెప్పాడు, వాతావరణానికి 0.0075 డిగ్రీ చొప్పున దిగుతుందని. మరుసటి ఏడు ఆయన తమ్ముడు విలియం, తర్వాత కెల్విన్ ప్రభువు అయినవాడు, ప్రయోగం చేసి నిజమేనని తేల్చాడు. కాగితం మీద ముందు లెక్క, తర్వాత కొలత. ఆ వరస నాకు చాలా ఇష్టం.

దీన్ని పట్టుకుని, మంచు మీద స్కేటింగు చేసేవాళ్ళు జారడానికి కారణం వాళ్ళ బరువుకు మంచు కరగడమేనని ఎన్నో పాఠ్యపుస్తకాలు రాశాయి. మా హేతువాద మిత్రులూ సభల్లో ఇదే చెబుతుంటారు. లెక్క వేద్దాం. మనిషి 70 కిలోలు. బ్లేడు 30 సెంటీమీటర్ల పొడుగు, 3 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే 9 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి ఎనిమిది వాతావరణాల లోపే. 0.0075తో గుణిస్తే 0.06 డిగ్రీ. బ్లేడు అంచు మాత్రమే ఆనుతుందని పది రెట్లు వేసినా అర డిగ్రీ, అంతే. మైనస్ 10 దగ్గర కూడా జనం హాయిగా స్కేటింగు చేస్తున్నారు. 1939లో బౌడెన్, హ్యూస్ అనేవాళ్ళు రాపిడి వల్ల పుట్టే వేడి ముఖ్యమని చూపారు. మంచు పైపొర సహజంగానే వదులుగా ఉంటుందని ఫారడే అంతకు ముందే సూచించాడు. మూఢనమ్మకం గురించి మాట్లాడే సభలో లెక్క చూడని వివరణ చెప్పడం నాకు కిట్టదు.

ఈ పటాలన్నిటికీ చట్టం రాసినవాడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు విలార్డ్ గిబ్స్. 1875-78 మధ్య కనెక్టికట్ అకాడమీ పత్రికలో మూడు వందల పేజీల వ్యాసం అచ్చువేశాడు. ఎవరూ పెద్దగా చదవలేదు. చదివి అర్థం చేసుకున్న కొద్దిమందిలో మాక్స్‌వెల్ ఒకడు. గిబ్స్ అంతకు ముందు వర్ణించిన ఒక ఉపరితలాన్ని ప్లాస్టరుతో బొమ్మ చేసి, ఒక నకలు ఆయనకే పంపాడు. గిబ్స్ సూత్రం పిల్లలైనా వెయ్యగల లెక్క: పాత్రలో ఎన్ని వేర్వేరు పదార్థాలున్నాయో దానికి రెండు కలిపి, ఎన్ని రూపాలున్నాయో తీసెయ్యండి. వచ్చింది మన స్వేచ్ఛ. నీరు ఒక్కటే, ఒకే రూపంలో ఉంటే రెండు స్వేచ్ఛలు, పటంలో ఎటైనా తిరగవచ్చు. రెండు రూపాలుంటే ఒకటి, గీత మీదే నడవాలి. హవల్దారు కాటా తేవడానికి కారణం ఇదే. మూడు రూపాలుంటే సున్నా, త్రిక బిందువు దగ్గర కదలకుండా నిలబడాలి. నాలుగు రూపాలు కలిసి ఉండటం కుదరనే కుదరదు.

ఇప్పుడు పెద్దాయన క్లెయిము. ఓచరు నిజంగానే ఉంది. కణాదుడి పేర ఉన్న వైశేషిక సూత్రాల్లో, నీరు గడ్డకట్టడమూ కరగడమూ తేజస్సుతో కలయిక వల్లనేనని ఒక సూత్రం చెబుతుంది. నెయ్యి, లక్క, మైనం నిప్పు తగిలితే ద్రవాలవుతాయనీ, తగరం, సీసం, ఇనుము, వెండి, బంగారం కూడా అంతేననీ ఇంకో చోట ఉంది. ప్రశస్తపాదుడు ఇంకా వివరంగా రాశాడు. నీటికి ద్రవత్వం సహజం, నెయ్యి వంటి వాటికి అది నిమిత్తం వల్ల కలిగేది అని విడదీశాడు. అలాంటప్పుడు వడగళ్ళు ఎలా గట్టిగా ఉన్నాయి అనే ఇబ్బంది వస్తుంది కదా. ఆ ఇబ్బందిని ఆయన దాచలేదు, దివ్యమైన తేజస్సు కలిసి ఆ ద్రవత్వాన్ని అడ్డుకుంటోందని జవాబు చెప్పాడు. నెయ్యినీ సీసాన్నీ ఒకే వరసలో పెట్టి చూడగలిగినవాళ్ళను తీసిపారేసే హక్కు మా కుర్రవాళ్ళకు లేదు.

అయితే పెద్దాయన చెప్పిన సమీకరణం ఆ ఓచరులోనే నిలవదు. పృథివి అంటే ఘనమైతే, కరిగిన నెయ్యి అప్పు కావాలి. వైశేషికులు అలా అనలేదు. కరిగినా నెయ్యి పృథివే, కరిగినా కరగకపోయినా బంగారం తేజస్సే, గడ్డకట్టినా వడగల్లు అప్పే. భూతం మారదు, గుణం మారుతుంది. అంటే వాళ్ళ భూతాలు మన ఘన, ద్రవ, వాయు స్థితులు కావు. వాళ్ళు చెప్పని మాటను వాళ్ళ నోట పెడుతున్నది పెద్దాయనే. ఇక గ్రాఫు విషయం: అందులో అంకె లేదు, ఎంత తేజస్సుకు ఎంత మంచో లేదు. పీడనమనే రెండో గీత అసలే లేదు. గాలిని తోడెయ్యగల పంపూ, పగలకుండా నొక్కగల పాత్రా చేతిలో లేనిదే అది తట్టే విషయం కాదు, అందుకు వాళ్ళను తప్పుపట్టను. క్లెయిములో నెయ్యి, వడగళ్ళ మేరకు పాస్, గ్రాఫు మేరకు తిరస్కారం అని నేను రాసి ఆయనకు ఇచ్చాను. ఆయన చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “అయితే కర్పూరం సంగతి చెప్పండి, మిరియాలు వేస్తే హరించదు కదా” అన్నారు.

కర్పూరం మామూలు వేడిమిలోనే ఉత్పతనం చెందుతుంది, పటంలో గట్టి రూపానికీ ఆవిరికీ మధ్య గీత దాటుతుంది. ఆరుబయట పెడితే దాని ఆవిరి గాలిలో కొట్టుకుపోతూ ఉంటుంది, సరిహద్దు పీడనం ఎప్పటికీ చేరదు, బట్టలు ఆరినట్టే కర్పూరం హరించుకుపోతుంది. బిగుతు మూత ఉన్న డబ్బాలో కాసేపటికే ఆవిరి ఆ పీడనానికి చేరుకుంటుంది, అక్కడితో ఆగుతుంది. ఒకే బరువు కర్పూరం బిళ్ళలు నాలుగు తీసుకుని, మూత ఉన్న డబ్బాలు రెండిటిలో, మూత లేనివి రెండిటిలో పెట్టి, ప్రతి జతలోనూ ఒకదానిలో మిరియాలు వేసి, నెల తర్వాత కంసాలి త్రాసులో తూచి చూడమన్నాను. మిరియాల డబ్బు నేనిస్తానని కూడా అన్నాను. ఆయన బిళ్ళలు కొన్నారు. తూకం వచ్చే నెల మొదటి ఆదివారం.